ఖైషూమ్

పోయిన నెల ఒక బేస్తవారం పొద్దున, సికింద్రాబాద్‌లో మా ఇంటికి దగ్గరి ఈఎన్‌టీ క్లినిక్‌లో, ముక్కు రంధ్రాలు రెండింట్లో దూది పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఆ దూదిని రెండు మందుల్లో తడిపారు. ఒకటి మొద్దుబారడానికి, ఇంకోటి లోపలి వాపు తగ్గి దారి తెరుచుకోవడానికి. మందు గొంతులోకి జారి చేదుగా తగిలింది. కాసేపటికి పై పళ్ళు నావి కానట్టు అయిపోయాయి. ఆ మొద్దుబారడం చెంప దాకా పాకినట్టు అనిపించగానే నాకు చెమటలు పట్టాయి.

నా బీమారీ పెద్దదేం కాదు. ఆర్నెల్లుగా సర్ది పోవడం లేదు. నమాజ్‌లో సజ్దాకి వంగితే కళ్ళ మధ్యన ఎవరో రాయి పెట్టినట్టు బరువు. డాక్టరమ్మ నాడి చూసినంత తేలిగ్గా, "ఎండోస్కోపీ చేసి చూద్దాం, అయిదు నిమిషాల పని" అంది. అయిదు నిమిషాల పనికి ఈ మనిషికి చెమటలెందుకని ఆమె అనుకునే ఉంటుంది. చెంప మొద్దుబారడం అనే మాట మా ఇంట్లోకి ఎట్లా వచ్చిందో ఆమెకి తెలియదు. దోస్తులారా, ఈ నాలుగు మాటలూ దాని గురించే రాస్తున్నాను. మూడేళ్ళకు పైగా రాయాలనుకుని రాయలేకపోయాను.

2021లో రంజాన్ ఏప్రిల్ 14న మొదలైంది. కరోనా రెండో వేవ్ నడుస్తోంది. మా మస్జిద్ మైకులో ఇఫ్తార్ ఎలాన్ కన్నా ఇంతెఖాల్ ఎలాన్లే ఎక్కువ వినపడిన నెల అది. పద్నాలుగో రోజా నాడు అమ్మీకి జ్వరం వచ్చింది. ఇరవై ఏళ్ళ షుగర్ మరీజ్. మూడో రోజుకి ఆక్సిజన్ పడిపోయింది. ఊరంతా తిరిగితే ఒక చోట బెడ్ దొరికింది. ఏ దవాఖానో రాయను. ఆ రోజుల్లో బెడ్ ఇచ్చినవాళ్ళందరికీ నేను ఎహసాన్‌మంద్‌నే. పన్నెండు రోజులు ఆక్సిజన్, స్టెరాయిడ్ సూదులు. ఆ స్టెరాయిడే అమ్మీ ఊపిరిని నిలిపింది, అల్లా కా షుకర్. అదే స్టెరాయిడ్ ఆమె షుగర్‌ని నాలుగు వందలు దాటించింది. డిశ్చార్జి కాగితం మీద గోలీల పేర్లు రాశారు గానీ షుగర్ గురించి ఒక్క ముక్క లేదు. మేమూ అడగలేదు. బతికి ఇంటికొచ్చింది, ఇంకేం అడుగుతాం?

మే 11న ఇంటికి తెచ్చాం. మర్నాడు పొద్దున పది గంటల నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. రోజూ ఆరు నుంచి పది దాకే సడలింపు. మే 14 జుమా నాడు ఈద్. ఈద్‌గాహ్ లేదు, గలే మిల్నా లేదు. ఇంట్లోనే నమాజ్ చదువుకుని షీర్ ఖుర్మా తాగుతున్నాం. అమ్మీ కటోరా మూతి దగ్గర పెట్టుకుని, "ఇలాయ్‌చీ నై డాలే క్యా?" అంది. యాలకులు వేశారు, మస్తుగా వేశారు. వాసన ఆమెకి అందలేదు. కరోనాలో వాసన పోతుందని అప్పటికి చిన్న పిల్లలకి కూడా తెలుసు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం అమ్మీ కుడి చెంప మీద చెయ్యి పెట్టుకుని, "గాల్ మేరా నై సర్కా లగ్‌రా బేటా" అంది. చెంప నాది కానట్టుంది అని.

నేనేమన్నానో నాకు బాగా యాద్ ఉంది. "పన్నెండు రోజులు ఆక్సిజన్ మాస్కు బిగించారు కదా అమ్మీ, దానికే" అన్నాను.

అప్పటికే టీవీలో బ్లాక్ ఫంగస్ వార్తలు వస్తున్నాయి. నేను చూశాను. చూసి ఛానల్ మార్చాను. వాట్సాప్‌లో ఉల్లిగడ్డ పొర మీది నల్ల మచ్చే ఆ ఫంగస్ అని ఎవరో పంపితే, ఇంట్లో ఉన్న బుట్టెడు ఉల్లిగడ్డలూ పారబోయించింది అమ్మీ. ఆ నల్ల మచ్చ వేరే బూజు, దానికీ ఈ బీమారీకీ సంబంధం లేదని తర్వాత తెలిసింది. ఉల్లిగడ్డ మీద అంత షక్ పడిన ఇల్లు, మొద్దుబారిన చెంప మీద పడలేదు. మే 16 రాత్రి ముక్కు చీదితే రుమాలుకి గోధుమ రంగు నెత్తురు అంటింది. అప్పుడు గానీ నాకు నిద్ర పట్టకుండా పోలేదు. ఈద్ నాటి సాయంత్రం నుంచి మూడు రాత్రులు అట్లా గడిచిపోయాయి.

సోమవారం పొద్దున అమ్మీని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వెనక నుంచి నా నడుము పట్టుకుని, తలని నా వీపుకి ఆనించింది. రెండు చోట్ల ఎండోస్కోపీ చేయం అన్నారు. వాళ్ళ భయం వాళ్ళది. ముక్కులో గొట్టం పెడితే మనిషి తుమ్ముతాడు, దగ్గుతాడు. కరోనా మొట్టమొదట కాపురం పెట్టేదే ముక్కు లోపల. మూడో చోట ఒక డాక్టరమ్మ, తల నుంచి కాళ్ళ దాకా పీపీఈ కిట్ తొడుక్కుని ఉంది. "కూర్చోబెట్టండి" అంది.

అమ్మీ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె మా గల్లీ పిల్లలకి ఏళ్ళ తరబడి ఖురాన్ చదివించిన ఉస్తానీ. నఖాబ్ లేకుండా ఇంటి గడప దాటిన మనిషి కాదు. ఆ కుర్చీలో కూర్చుని నఖాబ్ ఎత్తింది, మాస్కు తీసింది, తల వెనక్కి వాల్చింది. సన్నటి స్టీలు గొట్టం, నాలుగు మిల్లీమీటర్ల లావు, జానెడు కూడా లేని పొడుగు, కొసన తెల్లటి వెలుతురు. అది లోపలికి పోగానే పక్కనున్న టీవీ తెర నిండా అమ్మీ ముక్కు లోపలి భాగం వచ్చింది. ఏ గైర్ మర్ద్‌కీ ముఖం చూపించని అమ్మీ ముఖం వెనక ఇంత పెద్ద ఇల్లు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ ముందు బాగున్న ఎడమ వైపు చూపించింది. గులాబీ రంగు, తడి, నున్నటి మెరుపు. గోడల నుంచి మూడు వంకర దిమ్మెలు వేలాడుతుంటాయి, కింద పెద్దది, మధ్యలో ఒకటి, పైన చిన్నది. టర్బినేట్లు అంటారు. మనం పీల్చే గాలిని వెచ్చబరిచేవీ, తడిపేవీ అవే. వాటి కింది సందుల్లోకే చాలా సైనస్‌ల మూతులు తెరుచుకుంటాయి. చెంప ఎముకల్లో రెండు గదులు, నుదుటి ఎముకలో రెండు, కళ్ళ మధ్యన తేనెపట్టు లాంటి చిన్న చిన్న అరలు, అన్నిటికన్నా వెనక మెదడు కింద ఇంకో జత. మనిషి తలలో ఇన్ని ఖాళీ గదులున్నాయని, అన్నీ ముక్కులోకే తలుపులు తీస్తాయని, ఆ రోజు మాస్కు చాటున నోరు తెరుచుకుని చూశాను.

తర్వాత కుడి వైపు. కొంచెం దూరం గులాబీ రంగే. ఇంకొంచెం లోపలికి పోతే పాలిపోయింది, ఉడికించిన మాంసం మీది తెలుపులాగ. మధ్య దిమ్మె దగ్గరికి రాగానే తెర నల్లబడింది. మాడిన రొట్టె అంచు లాంటి పొక్కు. డాక్టరమ్మ సన్నటి పరికరంతో దాన్ని పొడిచింది.

"నొప్పా అమ్మా?"

"నై. కుఛ్ నై హువా" అంది అమ్మీ. నొప్పి లేదని ఖుష్ అయ్యింది కూడా.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పొడిస్తే నొప్పి రావాలి, నెత్తురు రావాలి. రెండూ రావట్లేదు" అంది. నొప్పి లేకపోవడం బురీ ఖబర్ కావడం నేను చూసింది అదొక్కసారే.

దాని అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్. ఈ బూజు మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, పాత రొట్టె మీద ఎప్పుడూ ఉండేదే. మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. ఒంట్లో తాఖత్ ఉంటే అది ముక్కులోనే చచ్చిపోతుంది. షుగర్ హద్దు మీరి, స్టెరాయిడ్ ఒంటి కాపలాని పడుకోబెట్టినప్పుడు దానికి రాజ్యం వస్తుంది. నెత్తుటి నాళాల్లోకి దూరి వాటిని మూసేస్తుంది. నెత్తురు అందని మాంసం చచ్చి నల్లబడుతుంది. ఆ నలుపు ఫంగస్‌ది కాదు, చచ్చిన మన ఒంటిది. ముక్కులోంచి సైనస్‌లోకి, అక్కడి నుంచి కంటి గూట్లోకి, అక్కడి నుంచి మెదడులోకి దాని దారి. ఆ దారిలో అది ఎంత దూరం పోయిందో బయటి నుంచి ముఖం చూసి చెప్పలేరు. లోపలికి పోయి చూసే కన్ను కావాలి.

ఆ పొక్కులోంచి చిన్న ముక్క తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవంలో వేసి మైక్రోస్కోపు కింద చూశారు. వెడల్పాటి రిబ్బన్ల లాంటి పోగులు, కొమ్మలు లంబకోణంలో చీలి ఉన్నాయి. మధ్యాహ్నానికి కాగితం చేతికొచ్చింది. అప్పటికే ప్రభుత్వం కోఠీలోని ఈఎన్‌టీ దవాఖానని ఈ బీమారీకి నోడల్ కేంద్రం చేసింది. కరోనా ఇంకా పాజిటివ్‌గా ఉన్నవాళ్ళకి మా సికింద్రాబాద్ గాంధీ. అమ్మీకి నెగెటివ్ వచ్చింది కాబట్టి కోఠీకి తీసుకపోయాను. అక్కడ వరండాలో ఒక కంటికి కట్టు కట్టుకుని కూర్చున్నవాళ్ళని చూసి అమ్మీ ఏమీ అడగలేదు. తస్బీ మాత్రం వేగంగా తిప్పింది.

మే 19న ఆపరేషన్. కన్ను నిలిచింది. కుడి వైపు పై దవడ, దాంతో పాటు అంగిలి సగం పోయాయి. ఆ తర్వాత ఆంఫోటెరిసిన్ సూదులు. కిలో బరువుకి అయిదు మిల్లీగ్రాముల లెక్కన, అరవై కిలోల మనిషికి రోజుకి ఆరు సీసాలు. దేశమంతటా ఆ సీసాలకి కరువొచ్చిన రోజులవి. సూది ఎక్కుతుంటే ఒళ్ళంతా వణికిపోయేది. పొటాషియం పడిపోతుందనీ, కిడ్నీల మీద భారమనీ రోజూ నెత్తురు తీసి చూసేవాళ్ళు. మే 20న తెలంగాణ ప్రభుత్వం ఈ బీమారీ కేసు ప్రతి ఒక్కటీ సర్కారుకి తెలపాలని హుకుం జారీ చేసింది. జూన్ చివరికి దేశంలో కేసులు 40 వేలు దాటాయి.

ఆ హుకుం 1897 నాటి అంటురోగాల చట్టం కింద ఇచ్చారని పేపర్‌లో చదివి నేను దవాఖాన మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. సికింద్రాబాద్‌వాడికి 1897 అంటే వేరే అర్థం ఉంది. ఆ ఏడాది ఆగస్టు 20న మా బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి, మైక్రోస్కోపులో మలేరియా పురుగుని చూశాడు. చెమటకి తుప్పు పట్టిన మరలు, పగిలిన కంటి అద్దం. దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా వేసుకోలేదట. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆయన కోసిన దోమ ఎవరి నెత్తురు తాగిందో చాలామందికి తెలియదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా మరీజ్. దోమతెర లోపల పడుకోబెట్టి దోమలు వదిలారు. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. అంతకు మించి ఆ మనిషి గురించి పుస్తకాల్లో ఏమీ కనపడదు. చూసినవాడి పేరు మీద సంస్థ ఉంది, రోడ్డు మీద బోర్డు ఉంది. చూడనిచ్చినవాడు దోమతెర లోపలే ఉండిపోయాడు. ఆ మెట్ల మీద కూర్చుని నేను హుసేన్ ఖాన్ గురించి ఆలోచించాను, ఎందుకంటే లోపల వార్డులో అమ్మీ మళ్ళీ కుర్చీ ఎక్కే వేళయ్యింది.

ఆపరేషన్‌తో ఎండోస్కోపీ అయిపోతుందని అనుకున్నాను. అసలు అప్పుడే మొదలైంది. నలుపు ఇంకెక్కడైనా మిగిలిందా, మళ్ళీ పుట్టిందా అని మొదట రెండు మూడు రోజులకోసారి, తర్వాత వారానికి, తర్వాత నెలకి లోపలికి పోయి చూశారు. ఆ ఏడాదిలో పదిహేడు సార్లు. పదిహేడు సార్లూ అమ్మీ తనే నఖాబ్ ఎత్తి, తనే తల వాల్చింది. ఒక్కసారి కూడా డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపలేదు. "జల్దీ దేఖ్ లో మా" అనేది. అనేది అంటే, అనడానికి కోషిష్ చేసేది.

అసలు తక్లీఫ్ అక్కడ ఉంది. అంగిలి లేకపోతే నోటికీ ముక్కుకీ మధ్య గోడ ఉండదు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయి. మాట నోట్లో నిలవదు, గాలంతా ముక్కులోకి జారిపోతుంది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి అమ్మీ బిస్మిల్లా అనబోతే 'మిస్మిన్నా' అని వచ్చింది. ఇంకోసారి అంది. అట్లాగే వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకుంది. కన్ను పోతుందన్నప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి.

తజ్వీద్ చదివినవాళ్ళకి తెలుసు, ఖురాన్‌లో ప్రతి హర్ఫ్‌కీ ఒక పుట్టినిల్లు ఉంటుంది. దాన్ని మఖ్రజ్ అంటారు. నోటి లోపలి ఖాళీ, గొంతు, నాలుక, పెదవులు, వాటితో పాటు అయిదోది ఖైషూమ్. ఖైషూమ్ అంటే ముక్కు లోపలి భాగం. అక్కడ పుట్టేది ఒక్క గున్నా మాత్రమే, నూన్‌లోనూ మీమ్‌లోనూ వచ్చే ఆ ముక్కు నాదం. చిన్నప్పుడు నేను ఖాయిదా పట్టుకుని కూర్చుంటే అమ్మీ నా ముక్కు రెండు వేళ్ళతో మూసి, "అబ్ నూన్ బోల్" అనేది. మూస్తే నూన్ రాదు. వేళ్ళు తీస్తే వస్తుంది. మా గల్లీలో నా ఈడు వాళ్ళందరూ ఆ వేళ్ళ కింద నూన్ నేర్చుకున్నవాళ్ళే. అట్లాంటి మనిషికి ఇప్పుడు హర్ఫ్‌లన్నీ వాటి వాటి ఇళ్ళు వదిలేసి ఖైషూమ్‌లోకి వచ్చి పడ్డాయి.

కొన్ని వారాలకి పళ్ళ డాక్టర్లు అమ్మీ నోటి కొలతలు తీసుకుని ఒక ప్లేటు చేశారు. పోయిన అంగిలి జాగాలో అది గోడలాగ కూర్చుంటుంది. మొదటిది కొరికేది. రెండోది వదులైంది. మూడోది సరిపోయింది. 'బే' మొదట వచ్చింది. 'ఖాఫ్' రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా గల్లీ పిల్లల తల్లులు వచ్చి వేరే ఉస్తానీ దగ్గరికి పంపాలా అని మొహమాటంగా అడిగితే, అమ్మీ పలక తీసి రాసింది: "మిగతావి వచ్చేదాకా నూన్, మీమ్ చదివిస్తా. అవి నాకు ఇప్పుడు అందరికన్నా బాగొస్తాయి." ఆ రోజు ఇంట్లో చాలా కాలానికి నవ్వు వినపడింది.

వుజూ దగ్గర ఇంకో పరేషానీ. ముక్కులోకి నీళ్ళు తీసుకోవచ్చా అని డాక్టర్‌ని అడిగింది. నల్లా నీళ్ళు వద్దు, కాచి చల్లార్చిన నీళ్ళే వాడమన్నారు. ముక్కు కడుక్కోవడం ఎట్లాగూ ఇలాజ్‌లో భాగమే, రోజూ ఉప్పు కలిపిన ఆ నీళ్ళతో లోపలి పొక్కులు కడగాలి. మా మౌలానా సాబ్‌ని అడిగితే ఉజ్ర్ ఉన్నవాళ్ళకి మాఫీ ఉందన్నారు. అమ్మీ మాఫీ తీసుకోలేదు. కాచిన నీళ్ళకి వేరే లోటా పెట్టుకుంది. దాన్ని ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ముట్టుకోరు.

ఇదంతా ఆ బెంచీ మీద పది నిమిషాల్లో తిరిగింది. దూది తీసి నన్ను లోపలికి పిలిచారు.

కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, అమ్మీ పదిహేడు సార్లు చేసిన పని చిన్నది కాదని. నొప్పి లేదు. కానీ మనిషి ఒంట్లో ముక్కు చాలా షరీఫ్ జాగా. అక్కడికి ఎవరైనా వస్తుంటే తల దానంతట అదే వెనక్కి పోతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, తుమ్ము అంచు దాకా వచ్చి ఆగుతుంది. డాక్టరమ్మ గొట్టాన్ని మూడు దారుల్లో తిప్పింది. మొదటిది నేల వెంబడి నేరుగా వెనక్కి, చెవి గొట్టం తెరుచుకునే చోటి దాకా. రెండోది మధ్య దిమ్మెకి లోపలి పక్కగా, అన్నిటికన్నా వెనకున్న సైనస్ మూతి వైపు. మూడోది మధ్య దిమ్మె కిందికి, చెంప సైనస్ నీరు వచ్చి కలిసే సందులోకి. ఆ మూడో దారిలోనే నా చోర్ దొరికాడు. పసుపు చీము చారలాగ కారుతోంది, పక్కనే ద్రాక్షపండు తొక్క తీసినట్టున్న చిన్న పాలిప్. మధ్య గోడ కూడా కొంచెం వంకర. "మందులతో చూద్దాం, తగ్గకపోతే సీటీ తీద్దాం" అంది.

నేను చెంప గురించి అడిగాను. నలుపు ఎక్కడైనా ఉందా అని. ఆమె గొట్టం తీయకుండానే, "ఎక్కడా లేదు, చూడండి, అంతా గులాబీ రంగే" అని ఒక్కో గోడనీ మళ్ళీ చూపించింది. నేను చెప్పకుండానే ఆమెకి ఏదో అర్థమైనట్టుంది.

వెయ్యేళ్ళ కింద అందలూస్‌లో అబుల్ ఖాసిం జహ్రావీ ముక్కులో పాలిప్ ఉన్న మరీజ్‌ని సూర్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి, రంధ్రం తెరిచి, కొక్కెంతో లాగేవాడట. ఎండ పడినంత మేరే చూపు. ఆ తర్వాత వందల ఏళ్ళకి 1806లో జర్మనీలో బోజ్జీనీ అనే డాక్టరు గొట్టానికి కొవ్వొత్తి వెలుతురు జోడించాడు. మన చిన్నప్పటి డాక్టర్లు నుదుటికి చిల్లు అద్దం కట్టుకుని చూసినా ముక్కు ముందు గది దాకే. 1959లో హాప్‌కిన్స్ అనే ఇంగ్లండ్ భౌతికశాస్త్రవేత్త గొట్టంలో చిన్న చిన్న అద్దాల మధ్య గాలి ఉండే పద్ధతి మార్చి, పొడుగాటి గాజు కడ్డీలు పెట్టాడు. అట్లా వెలుతురు కొస దాకా చెడకుండా వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ ఊళ్ళో మెసర్‌క్లింగర్ దాంతో ఏళ్ళ తరబడి సైనస్‌ల దారులు వెతికి 1978లో పుస్తకం రాశాడు. ఎండ పడని గదుల్లోకి దీపం పట్టుకుని పోవడానికి ఇంత కాలం పట్టింది. ఆ దీపం మన గల్లీ చివరి దాకా వచ్చాక కూడా నేను మూడు రోజులు ఆలస్యం చేశాను.

చివర్లో డాక్టరమ్మ, "కా, కా అనండి" అంది. తెర మీద లోపల ఒక మెత్తటి పరదా పైకి లేచింది. ఇంకోసారి అంటే ఇంకోసారి లేచింది. కొండనాలుక ఉండే అంగిలి వెనక భాగం అది. నోటి మాటలకి ముక్కు తలుపు మూస్తుంది. నేను, "మేడమ్, మ్ అంటే?" అని అడిగాను. గొట్టం ఉండగా మరీజ్ సవాల్ అడగడం ఆమెకి కొత్తేమో, నవ్వి "అనండి" అంది. "మ్మ్" అన్నాను. పరదా కిందికి జారింది. తలుపు తెరుచుకుంది. చిన్నప్పుడు అమ్మీ వేళ్ళతో చెప్పిన సబక్ నా కళ్ళ ముందు టీవీలో కనిపించింది. వీడియో నా ఫోన్‌కి పంపమని అడిగాను.

ఇంటికొచ్చి, గొంతు మొద్దు వదిలేదాకా గంటసేపు ఏమీ తినకుండా, అమ్మీ పక్కన కూర్చుని చూపించాను. ఆమె మొదటి సవాల్ నేను అనుకున్నదే. "కాలా కుఛ్ హై క్యా?" లేదన్నాను. అప్పుడు ఐనక్ పెట్టుకుని చూసింది. పరదా లేచి పడే చోటు రాగానే ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. రెండు మూడు సార్లు వెనక్కి జరిపి చూసింది.

"మేరా బీ ఐసాచ్ థా నా" అంది. నాది కూడా ఇట్లాగే ఉండేది కదా అని.

అప్పుడు చెప్పాను. ఈద్ నాడే తీసుకపోవాల్సింది అమ్మీ, చెంప గురించి చెప్పినప్పుడే తీసుకపోవాల్సింది, నేను మాస్కు అన్నాను అని. మూడు రోజుల ముందు పోతే అంగిలి నిలిచేదా అని అప్పట్లో డాక్టర్‌ని అడిగితే, ఎవరూ చెప్పలేరు అన్నారు. ఆ జవాబు నాకు ఈనాటి దాకా అటూ పనికి రాలేదు, ఇటూ పనికి రాలేదు. అమ్మీ "ఏం కాదు బేటా" అంటుందని ఎదురు చూశాను.

"హౌ. లేజానా థా" అంది. అవును, తీసుకపోవాల్సింది. కాసేపు ఆగి, "మై బీ నై బోలీ. ఈద్ ఖరాబ్ హోతీ బోల్‌కే" అంది. నేను కూడా పోదామనలేదు, ఈద్ ఖరాబ్ అవుతుందని.

ఇద్దరం కాసేపు ఊరికే కూర్చున్నాం. ఆమె మాఫీ ఇవ్వలేదు, ఇల్జామ్ వేయలేదు. భారం సగం తను తీసుకుని సగం నాకు వదిలేసింది. ఆ సగం మోయగలను అనిపించింది.

ఇది చదివేవాళ్ళకి ఒక్కటే మాట. షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉండి, చెంప మొద్దుబారిందన్నా, ఒక పక్క ముక్కు మూసుకుపోయి గోధుమ రంగు నీరు వస్తోందన్నా, కన్ను వాచిందన్నా, ఒకటి రెండుగా కనపడుతోందన్నా, పండగ అయ్యాక చూద్దాం అనకండి. రెండో వేవ్ పోయింది గానీ ఆ బూజు మట్టిలో ఉంది, షుగర్ మన ఇళ్ళలో ఉంది. ముక్కు ఎండోస్కోపీ ఆపరేషన్ కాదు. మత్తు ఇవ్వరు, కోయరు. నెత్తురు పలచబడే గోలీలు వాడుతుంటే ముందే చెప్పండి. కుర్చీలో తల వాల్చి అయిదు నిమిషాలు ఓర్చుకోవాలి, అంతే. ఓర్చుకోవడమే అందులో మన వంతు పని.

అమ్మీ ఫోన్ తిరిగి ఇస్తూ, "ఏదీ, నూన్ చదువు" అంది. యాభై ఏళ్ళ దగ్గరికొచ్చిన మనిషిని. చదివాను. ఆమె రెండు వేళ్ళతో నా ముక్కు మూసి చూసి, వదిలి చూసి, తల అడ్డంగా ఊపింది.

"మూసినా ఒకటే, తీసినా ఒకటే ఉంది. ఖైషూమ్ బంద్ అయ్యింది నీది. ముందు ఆ మందులు సరిగ్గా వాడు."